ఉల్లిపాయ ముందా, వెల్లుల్లి ముందా? మాడకుండా, పచ్చివాసన మిగలకుండా వేయించే పద్ధతి

వంట కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు తిప్పితిప్పి అడిగే ప్రశ్న ఇది. నూనె కాగాక ఉల్లిపాయలు ముందు వేయాలా, వెల్లుల్లి ముందు వేయాలా? రెండూ కలిపి ఒకేసారి పడేస్తే ఏమవుతుంది? హాస్టల్ వదిలి రూము తీసుకున్న కుర్రాళ్ళూ అడుగుతారు, డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో కొత్తగా కాపురం పెట్టినవాళ్ళూ అడుగుతారు. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ "కమ్మటి వాసన వచ్చేదాకా వేయించు నాన్నా" అని ఊరుకుంటుంది. ఎంతసేపు, ఏ మంట మీద అన్నది ఆవిడకి చెప్పాల్సిన సంగతిగా తోచదు. చెయ్యి అలవాటైపోయింది మరి.

ముందు సూటిగా జవాబు. మామూలు కూరల్లో ఉల్లిపాయ ముందు, వెల్లుల్లి తర్వాత. ఎంత తర్వాత అన్న దగ్గరే చాలామంది తడబడతారు. "ఉల్లిపాయ వేసిన ఐదు నిమిషాలకి" అని లెక్కపెట్టుకుంటే ఒకరోజు కుదురుతుంది, ఒకరోజు కుదరదు. వెనక నుంచి లెక్కపెట్టండి. మూకుట్లో తర్వాత పడబోయే తడి ఏమిటో చూసుకోండి. అది టమాటా కావచ్చు, పెరుగు, చింతపండు పులుసు, చికెన్, ఉత్త నీళ్ళు, ఏదైనా కావచ్చు. ఆ తడి పడడానికి ఇంచుమించు ఒక్క నిమిషం ముందు వెల్లుల్లి పడాలి. ఈ ఒక్క లెక్క పట్టుకుంటే తక్కువ కూరల్లోనే తప్పు జరుగుతుంది.

ఎందుకో రెండు ముక్కల్లో చెప్తాను. ఉల్లిపాయలో దాదాపు 89 శాతం నీరే. వెల్లుల్లిలో 60 శాతం కూడా ఉండదు. లోపల నీరు ఉన్నంతసేపు ముక్క వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. నీరు పోయాకే వేడి పెరుగుతుంది, 140 డిగ్రీలు దాటితేగానీ ఎరుపు రంగు తిరగదు. ఉల్లిపాయకి ఆ నీరంతా పోవడానికి పది నిమిషాలు పైనే పడుతుంది. సన్నగా తరిగిన వెల్లుల్లికి నిమిషం చాలు. ఇద్దరినీ ఒకేసారి బయల్దేరదీస్తే ఉల్లి దోరగా వేగేసరికి వెల్లుల్లి నల్లబడి చేదెక్కుతుంది. సిద్ధాంతం ఇంతే, ఇక పని చూద్దాం.

కావలసినవి (నలుగురికి సరిపడే కూరకి)

- ఉల్లిపాయలు: మధ్యరకం 2, సుమారు 250 గ్రాములు
- వెల్లుల్లి: చిన్న రెబ్బలైతే 8 నుంచి 10, లావు రెబ్బలైతే 5 లేదా 6
- నూనె: 3 టేబుల్ స్పూన్లు (వేరుశనగ నూనె అయినా, సన్‌ఫ్లవర్ అయినా ఫరవాలేదు)
- తాలింపు గింజలు: ఆవాలు, జీలకర్ర, ఒకటి రెండు ఎండుమిర్చి, రెబ్బ కరివేపాకు
- టమాటాలు 2, లేదా మీరు చేసే కూరని బట్టి వేరే తడి పదార్థం
- ఉప్పు, పసుపు, కారం
- అడుగు మందంగా ఉన్న మూకుడు, అట్లకాడ
- ఒక చిన్న గిన్నెలో పావు కప్పు నీళ్ళు

చివర రాసిన నీళ్ళ గిన్నెని తేలిగ్గా తీసుకోకండి. పొయ్యి పక్కన అది ఉంటే సగం టెన్షన్ తగ్గిపోతుంది. అలాగే మూకుడు వెడల్పుగా ఉండాలి. చిన్న గిన్నెలో నాలుగు ఉల్లిపాయలు కుక్కితే అవి వాటి నీటిలోనే ఉడికిపోతాయి, ఎంతసేపు తిప్పినా వేగవు.

1. పొయ్యి వెలిగించకముందే అన్నీ తరిగి పెట్టుకోండి

ఉల్లిపాయ, వెల్లుల్లి మాత్రమే కాదు, టమాటా కూడా. చాలా ఇళ్ళలో వెల్లుల్లి మాడేది ఇక్కడే. వెల్లుల్లి మూకుట్లో వేసి, "అది వేగేలోపు టమాటా కోసేద్దాం" అని కత్తి పట్టుకుంటారు. రెండు టమాటాలు కొయ్యడానికి రెండు నిమిషాలు. వెల్లుల్లికి అంత ఓపిక లేదు. కారం డబ్బా, పసుపు డబ్బా మూతలు కూడా తీసి పెట్టుకుంటే మంచిది.

2. ఉల్లిపాయని ఒకే మందంలో తరగండి

సన్నగా తరిగారా, లావుగా తరిగారా అన్నదానికంటే అన్నీ ఒకేలా ఉన్నాయా అన్నది చూసుకోండి. సన్న ముక్కలు మాడుతుంటే లావు ముక్కలు పచ్చిగా ఉండిపోతే, ఇక వెల్లుల్లి ఎప్పుడు వెయ్యాలో ఎవరు చెప్పగలరు? గ్రేవీ కూరలకి చిన్న ముక్కలు, వేపుళ్ళకి నిలువు చీలికలు బాగుంటాయి.

ఉల్లిపాయ పాతదా, కొత్తదా అన్నది కూడా చూసుకోండి. కొత్త పంటలో నీరు ఎక్కువ, వేగడానికి రెండు మూడు నిమిషాలు అదనంగా పడుతుంది. పొర ఎండి గలగలమనే పాత ఉల్లిపాయ త్వరగా రంగు తిరుగుతుంది. కర్నూలు ఉల్లి కొన్నవారంలోనూ మహారాష్ట్ర ఉల్లి కొన్నవారంలోనూ ఒకే సమయం పెట్టుకుంటే ఫలితం ఒకేలా రాదు. అందుకే కింద ఇచ్చిన నిమిషాలు కొండగుర్తుకే. కన్నూ ముక్కూ చెప్పేది వినండి.

ఉల్లిపాయల్ని మిక్సీలో ముద్ద చేస్తే పద్ధతి మారిపోతుంది. ముద్దలో నీరంతా ఒక్కసారిగా బయటికొస్తుంది, చిమ్ముతుంది, పచ్చివాసన పోవడానికి ఎక్కువసేపు పడుతుంది. ముద్ద వేసినవాళ్ళు నూనె ఇంకో స్పూను ఎక్కువ వేసుకుని, మీడియం మంట మీద ముద్ద మూకుడు అంచుల్ని వదిలేదాకా ఆగి, అప్పుడు వెల్లుల్లి గురించి ఆలోచించండి.

3. వెల్లుల్లిని ఏ రూపంలో వేస్తున్నారో తేల్చుకోండి

సమయమంతా దీని మీదే ఆధారపడుతుంది. తగ్గించిన మంట మీద ఇంచుమించుగా:

- సన్నగా తరిగినది: 30 సెకన్ల నుంచి నిమిషం
- కచ్చాపచ్చాగా దంచినది: ఒక నిమిషం
- పల్చటి చక్రాలుగా కోసినది: ఒకటి నుంచి రెండు నిమిషాలు
- అల్లం వెల్లుల్లి పేస్టు: రెండు నుంచి మూడు నిమిషాలు
- పొట్టు తీసిన పూర్తి రెబ్బ: నాలుగైదు నిమిషాలు, దీన్ని ఉల్లిపాయతో పాటే వేసేయొచ్చు

కొత్తవాళ్ళకి నా సలహా, తరగడం మానేసి దంచండి. చిన్న రోట్లో రెబ్బకి రెండు దెబ్బలు చాలు. రోలు లేకపోతే చపాతీ కర్రతో బల్ల మీద నొక్కండి. దంచిన ముక్క కాస్త లావుగా ఉంటుంది కాబట్టి మాడే ముందు మీకు కొంచెం వ్యవధి ఇస్తుంది. పొట్టు తీయడం విసుగనిపిస్తే నాటు వెల్లుల్లిని పొట్టుతోనే దంచి వేసే ఇళ్ళు చాలానే ఉన్నాయి, తప్పేమీ లేదు. పప్పు తాలింపులో అయితే ఆ పొట్టు కరకరలాడుతూ బాగుంటుంది కూడా.

4. నూనె, తాలింపు

మూకుడు వేడెక్కాక నూనె పోయండి. నూనె కాగిందో లేదో చూడడానికి రెండు ఆవగింజలు వేసి చూడండి. వెంటనే చిటపటమంటే సరే. ఆవాలు, అవి చిట్లాక జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు వేసి, పది పదిహేను సెకన్లు తిప్పి ఉల్లిపాయలు వేసేయండి. జీలకర్ర నల్లబడేదాకా ఆగొద్దు. ఉల్లిపాయ పడగానే దాని నీరు నూనె వేడిని తగ్గించి తాలింపుని కాపాడుతుంది. పచ్చిమిర్చి కూడా ఉల్లిపాయతోనే.

నూనె పొగలు కక్కుతుంటే స్టవ్ కట్టేసి అరనిమిషం ఆగండి. ఆ వేడిలో ఏది వేసినా పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది.

5. ఉల్లిపాయని ఎక్కడిదాకా వేయించాలో ముందే అనుకోండి

మంట మీడియం. చిటికెడు ఉప్పు వేస్తే ఉల్లిపాయ నీరు త్వరగా వదిలి త్వరగా మెత్తబడుతుంది. ఆ ఉప్పు లెక్కలో పెట్టుకుని తర్వాత తగ్గించి వేయండి. కరకరలాడేలా ఎర్రగా వేయించాలనుకుంటే మాత్రం మొదట్లో ఉప్పు వద్దు.

మూడు దశలు గుర్తుపెట్టుకోండి.

*మెత్తబడిన దశ*, 4 నుంచి 5 నిమిషాలు. ముక్కలో తెల్లదనం పోయి వెలుతురు కనబడేలా అవుతుంది, పచ్చి ఘాటు తగ్గుతుంది. ఆనపకాయ, బీరకాయ లాంటి తేలిక కూరలకి, గుడ్డు పొరటుకి ఇక్కడ ఆగితే చాలు.

*దోరగా వేగిన దశ*, 8 నుంచి 10 నిమిషాలు. అంచులు బంగారు రంగు తిరుగుతాయి, తియ్యటి వాసన మొదలవుతుంది. టమాటా కూర, కోడిగుడ్డు కూర, బంగాళదుంప కూరకి ఇది సరిపోతుంది.

*ఎర్రగా వేగిన దశ*, 12 నుంచి 15 నిమిషాలు. ముక్కలన్నీ ముడుచుకుని సగానికి సగం తగ్గిపోతాయి. కోడికూర, మటన్ కూర గ్రేవీకి చిక్కదనం, రంగు ఇక్కడి నుంచే వస్తాయి.

మంట పెంచి ఐదు నిమిషాల్లో ఎర్రగా చేసేద్దామనుకోకండి. రంగు వస్తుంది, రుచి రాదు. కొందరు త్వరగా రంగు రావాలని చిటికెడు వంటసోడా వేస్తారు. రంగు నిజంగానే త్వరగా వస్తుంది, కానీ ముక్క జావలా అయిపోతుంది, కొంచెం ఎక్కువ పడితే సబ్బు రుచి. గ్రేవీలో మెదిపేసే కూరకైతే మీ ఇష్టం, నేనైతే వేయను.

మధ్యలో అడుగు పట్టినట్టు గోధుమరంగు మచ్చలు కనిపిస్తే భయపడొద్దు. పక్కన పెట్టుకున్న నీళ్ళలోంచి ఒక స్పూను చల్లి అట్లకాడతో గీకండి. ఆ మచ్చలే మళ్ళీ ఉల్లిపాయకి పట్టి రుచి పెంచుతాయి. నల్లగా అయితే వేరే సంగతి, గీకకండి.

6. మంట తగ్గించి వెల్లుల్లి వేయండి

ఉల్లిపాయ మీరు అనుకున్న రంగుకి కాస్త ముందుగానే, అంటే ఇంకో నిమిషంలో వచ్చేస్తుందనగా, మంట సిమ్‌లో పెట్టండి. ఉల్లిపాయల్ని అట్లకాడతో అంచులకి నెట్టి మధ్యలో అరచెయ్యంత ఖాళీ చేయండి. అక్కడ నూనె కనబడకపోతే అర స్పూను పోయండి. వెల్లుల్లిని ఆ నూనెలో వేయండి.

ఇప్పుడు కళ్ళు తిప్పకండి. వేసిన వెంటనే ముక్క చుట్టూ సన్నటి బుడగలు గబగబా లేస్తాయి. అది లోపలి నీరు పోవడం. పావు నిమిషంలో ముక్కుకి గుచ్చుకునే పచ్చి ఘాటు, ఆ తర్వాత అది నెమ్మదించి కమ్మటి వాసన వస్తుంది. బుడగల జోరు తగ్గుతూ ముక్క అంచు సన్నగా లేత గోధుమరంగు తిరుగుతున్నప్పుడు, మధ్యలో ఇంకా తెల్లగానే ఉన్నప్పుడు, ఆపాల్సిన సమయం వచ్చినట్టు. ముక్క మొత్తం రంగు మారేదాకా ఆగితే ఆలస్యమైనట్టే, ఎందుకంటే నూనెలోని వేడి మీరు ఆపాక కూడా దాన్ని వేయిస్తూనే ఉంటుంది.

అంచులకి నెట్టిన ఉల్లిపాయల్ని మధ్యకి లాగి ఒకసారి కలిపేయండి.

కరెంటు కాయిల్ పొయ్యి మీద వండేవాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. నాబ్ తగ్గించినా ఆ కాయిల్ వేడి వెంటనే దిగదు. వెల్లుల్లి వేసే ముందు మూకుడుని పొయ్యి మీంచి తీసి పక్కన పెట్టి, అరనిమిషం ఆగి, అక్కడే వెల్లుల్లి వేసి తిప్పండి. మూకుట్లో ఉన్న వేడే దానికి చాలు. ఇండక్షన్ వేడి చప్పున తగ్గుతుంది కానీ మధ్య భాగం మరీ ఎక్కువ కాలుతుంది, కాబట్టి మధ్యలో కాకుండా ఓ పక్కన ఖాళీ చేసుకోండి.

7. పసుపు, కారం, వెంటనే తడి

పసుపు, కారం వెల్లుల్లి కంటే తొందరగా మాడతాయి. వాటిని వేసి ఒకటి రెండుసార్లు తిప్పి, టమాటా ముక్కలో, పెరుగో, చికెనో వేసేయండి. తడి పడగానే వేడి దిగిపోతుంది, ఇక వెల్లుల్లి మాడే ప్రమాదం లేదు. అప్పుడు మళ్ళీ మంట పెంచుకోవచ్చు. పెరుగు అయితే మంట సిమ్‌లోనే ఉంచి, గిలక్కొట్టి, కొంచెం కొంచెంగా పోస్తూ తిప్పండి, లేకపోతే విరుగుతుంది.

ఒక హెచ్చరిక. టమాటా, చింతపండు పులుసు పడ్డాక ఉల్లిపాయ ఇక పెద్దగా మెత్తబడదు. పులుపు దాన్ని గట్టిగా ఉంచేస్తుంది. "మిగిలింది గ్రేవీలో ఉడికిపోతుందిలే" అని పచ్చి ఉల్లిపాయ మీద టమాటా పోస్తే, అరగంట ఉడికాక కూడా పంటికి తగులుతూనే ఉంటుంది.

8. నూనె తేలేదాకా

టమాటా మగ్గి, నీరు ఇగిరి, అంచుల వెంట నూనె తేలితే మసాలా సిద్ధం. ఇక కూరగాయలు, నీళ్ళు మీ కూరని బట్టి.

అల్లం వెల్లుల్లి పేస్టు వేసేవాళ్ళు

దీనికీ అదే వరస, ఉల్లిపాయ తర్వాతే. కానీ దీనితో వచ్చే చిక్కులు వేరు. పేస్టులో నీరు ఉంటుంది కాబట్టి వేయగానే చిమ్ముతుంది, మొహం దూరంగా పెట్టండి. ఆ నీరు పోగానే అడుగంటుతుంది. తిప్పుతూనే ఉండాలి, అంటుకుంటే ఒక స్పూను నీళ్ళు చల్లాలి, మళ్ళీ తిప్పాలి. ఇలా రెండుసార్లు చేస్తే రెండు మూడు నిమిషాలు గడిచిపోతాయి, పచ్చివాసన పోతుంది.

పచ్చివాసన పోయిందో లేదో తెలియక ఇబ్బంది పడేవాళ్ళు ఎక్కువ. మూకుడు మీదికి వంగి ఒకేచోట నిలబడితే ముక్కు అలవాటు పడిపోయి ఏమీ తెలియదు. ఒకసారి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి రండి. వచ్చేటప్పుడు ముక్కుకి ఘాటుగా తగిలితే ఇంకో నిమిషం కావాలి, కమ్మగా అనిపిస్తే చాలు. అయితే మంట సిమ్‌లో పెట్టి వెళ్ళండి!

బజారు పేస్టులో ఉప్పు, వెనిగర్ లాంటివి కలిపి ఉంటాయి. కూరలో ఉప్పు వేసేటప్పుడు ఆ సంగతి గుర్తుంచుకోండి. మటన్‌కీ చికెన్‌కీ పేస్టు సగం ముందే ముక్కలకి పట్టించి, సగమే నూనెలో వేయించే పద్ధతి కొత్తవాళ్ళకి సులువు. మాడడానికి మూకుట్లో ఉండేదే సగం కదా.

వరస తిరగబడే చోట్లు

"మా అత్తగారు వెల్లుల్లే ముందు వేస్తారు, మరి అది తప్పా?" అంటారు. తప్పేం కాదు, చాలా వంటల్లో అదే సరైనది. తర్వాత పడే తడి ఎప్పుడొస్తుందో చూడండి, అంతా విడిపోతుంది.

పప్పు తాలింపు చూడండి. అందులో చాలా ఇళ్ళలో ఉల్లిపాయే ఉండదు. ఆవాలు చిట్లాక దంచిన వెల్లుల్లి, అది అంచు తిరుగుతుండగా జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు, చిటికెడు ఇంగువ, వెంటనే పప్పులో పోయడం. అక్కడ తడి పప్పే. ఉడికిన పప్పు గిన్నెని పక్కనే పెట్టుకుంటే చాలు. చారుకీ ఇంతే.

పులుసుల్లో, ముఖ్యంగా వంకాయ పులుసులో, కాకరకాయ పులుసులో పూర్తి రెబ్బలు వేస్తే అవి ఉల్లిపాయతో పాటే పడాలి. మొత్తం రెబ్బకి లోపలిదాకా వేడి చేరాలి కాబట్టి ముందు వేసినా మాడవు, పులుసులో ఉడికి నోట్లో వెన్నలా కరిగిపోతాయి.

వేపుళ్ళలో అసలు తడే పడదు. బెండకాయ, దొండకాయ, బంగాళదుంప వేపుడుకి వెల్లుల్లిని మొదట వేస్తే ఇరవై నిమిషాలు నూనెలో నానా యాతన పడి బొగ్గవుతుంది. అందుకే వెల్లుల్లి, జీలకర్ర, ఉప్పు, కారం కలిపి దంచిన వెల్లుల్లి కారాన్ని దింపడానికి రెండు నిమిషాల ముందు చల్లుతారు. పాతవాళ్ళు ఈ వరస ఊరికే పెట్టలేదు.

ఫ్రైడ్ రైస్, నూడుల్స్ చేసేటప్పుడు వెల్లుల్లి ముందు వేస్తారు కదా అని అడుగుతారు. నిజమే, కానీ అక్కడ పది పదిహేను సెకన్లలో కూరగాయలన్నీ మీద పడతాయి. మీరు వెల్లుల్లి వేసి క్యారెట్ తరగడం మొదలుపెడితే ఆ వంట కాదు.

ఉల్లిపాయ మెత్తబడితే చాలు, రంగు అక్కర్లేదు అనుకునే కూరల్లో రెండూ కలిపి వేసినా ఏమీ కాదు. ఉల్లిపాయ నీరు వదులుతున్నంతసేపు వెల్లుల్లికి రక్షణ ఉంటుంది. రంగు దశ మొదలయ్యాకే తంటా.

బిర్యానీకి వేయించే ఎర్రటి ఉల్లిపాయల్లో వెల్లుల్లి వేయనేకూడదు. వాటిని విడిగా నూనెలో వేయించి, కోరుకున్న రంగుకి ఒక మెట్టు ముందే తీసి పళ్ళెంలో పరవండి. బయటికి తీశాక కూడా రంగు ముదురుతుంది. వెల్లుల్లేమో మాంసం ముక్కలకి పట్టించే మసాలాలోకి వెళ్తుంది.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

మంట తగ్గించకుండా వెల్లుల్లి వేయడం అన్నిటికంటే మామూలు పొరపాటు. ఎర్రగా వేగిన ఉల్లిపాయల్లో నీరు దాదాపు అయిపోయి ఉంటుంది, నూనె మొదట్లో కంటే వేడిగా ఉంటుంది. ఆ నూనెలో సన్నటి వెల్లుల్లికి పదిహేను సెకన్లు ఎక్కువే.

రెండోది, నూనె మరీ తగ్గించడం. ఆరోగ్యం కోసం ఒక్క స్పూనుతో సరిపెట్టుకుంటామనేవాళ్ళు ఉన్నారు, మంచిదే. కానీ నూనె చాలనప్పుడు ముక్కకి వేడి సమానంగా అందదు, మూకుడికి తగిలిన వైపు మాడుతుంది. ఒక్క స్పూనుతోనే చేయాలంటే నాన్‌స్టిక్ వాడి, మూత పెట్టి ఉల్లిపాయని మగ్గించి, అప్పుడప్పుడు నీళ్ళు చల్లుతూ చేయండి. ఎర్రటి రంగు మీద ఆశ వదులుకోవాలి.

వెల్లుల్లిని మిక్సీలో నీళ్ళు పోసి తిప్పి వేసేవాళ్ళు కొందరు. నీళ్ళకి అది వేగదు, ఉడుకుతుంది, పచ్చివాసన కూర అంతటికీ పాకుతుంది. తిప్పేటప్పుడు నీళ్ళకి బదులు ఒక స్పూను నూనె వేయండి.

ఫ్రిజ్‌లోంచి తీసిన తడి ఉల్లిపాయ ముక్కల్ని అలాగే కాగిన నూనెలో పోస్తే చిమ్మి చెయ్యి కాలుతుంది. ముందు గుడ్డతో అద్దండి.

సరిగ్గా కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది?

తడి వేయడానికి ముందు అట్లకాడ చివరతో కొంచెం ఉల్లి, వెల్లుల్లి తీసి తెల్ల ప్లేటు మీద వేయండి. నల్లటి మూకుట్లో రంగు మోసం చేస్తుంది, తెల్లటి దాని మీద నిజం తెలుస్తుంది. వెల్లుల్లి లేత బంగారు రంగులో ఉండాలి. ముదురు గోధుమ రంగుంటే అంచు దాటుతున్నట్టు.

చల్లారాక ఉల్లిపాయ ముక్కని రెండు వేళ్ళ మధ్య నొక్కండి. నలిగిపోవాలి. కరకరమంటే ఇంకా పచ్చి.

ఆ ప్లేటు మీద మిగిలిన నూనెని రెండు అన్నం మెతుకులకి అద్ది నాలుక మీద పెట్టుకోండి. తియ్యగా, కమ్మగా ఉంటే కూర బాగుంటుంది. నాలుక వెనక చేదు తగిలితే అది కూరలోకీ వస్తుంది, ఇక్కడే ఆగి ఆలోచించండి.

మాడితే ఏం చేయాలి?

వెల్లుల్లి కాస్త ఎక్కువ రంగు తిరిగిందనిపిస్తే వెంటనే ఒక గరిటెడు నీళ్ళో, టమాటాలో పోసేయండి. అక్కడితో ఆగుతుంది, తినేవాళ్ళకి తెలియదు.

ముక్కలు నల్లబడితే మాత్రం ఏరేసినా లాభం లేదు. చేదు నూనెలోకి దిగిపోయి ఉంటుంది. చక్కెర వేస్తే తగ్గుతుందని, బంగాళదుంప వేస్తే లాగేస్తుందని చెప్తారు. తియ్యటి చేదు కూర తయారవుతుంది, అంతే. రెండు ఉల్లిపాయలు, మూడు స్పూన్ల నూనె పోతే పోయాయి, మూకుడు కడిగి మళ్ళీ మొదలుపెట్టండి. దాని మీద అరకిలో మటన్ వేశాక తెలుసుకుంటే నష్టం ఎక్కువ.

కూర అయిపోయాక పచ్చివాసన తెలిస్తే దారి ఉంది. మూత తీసి సన్నని మంట మీద ఇంకో ఐదారు నిమిషాలు ఉడకనివ్వండి. అప్పటికీ తగ్గకపోతే చిన్న గరిటెలో నెయ్యి వేడిచేసి, రెండు దంచిన వెల్లుల్లి రెబ్బలు, కరివేపాకు వేసి, అంచు రంగు తిరగ్గానే కూర మీద పోసి మూత పెట్టండి. వేగిన వెల్లుల్లి వాసన పచ్చిదాన్ని కప్పేస్తుంది.

ముందే చేసి పెట్టుకునేవాళ్ళకి

వారం మొత్తానికి ఆదివారమే ఉల్లిపాయలు ఎర్రగా వేయించి పెట్టుకోవడం ఉద్యోగస్థులకి మంచి ఉపాయం. చల్లారాక డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు, ఫ్రీజర్‌లో ఇంకా ఎక్కువ రోజులు ఉంచుకోవచ్చు. వెల్లుల్లి మాత్రం అందులో కలపకండి, ఏ రోజుది ఆ రోజే వేయించుకోండి. ఒక నిమిషం పనే కదా.

వెల్లుల్లి రెబ్బల్ని నూనెలో వేసి సీసాలో బయట పెట్టేవాళ్ళు జాగ్రత్త. గాలి తగలని నూనెలో, పులుపు లేనిచోట, బొటులిజం అనే ప్రమాదకరమైన ఆహార విషప్రభావాన్ని కలిగించే బాక్టీరియా పెరిగే అవకాశం ఉంది. రంగు, వాసన మారకుండానే విషం తయారుకావచ్చు. అలాంటిది చేస్తే ఫ్రిజ్‌లోనే పెట్టి నాలుగు రోజుల్లో వాడేయండి, లేదా ఫ్రీజర్‌లో పెట్టండి. ఇంట్లో నూనె వేసి నూరిన పేస్టుకీ ఇదే వర్తిస్తుంది. ఎక్కువ చేస్తే ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించుకుని, కూరకి ఒక ముక్క చొప్పున వాడుకోండి. గడ్డని నేరుగా వేడి నూనెలో వేయకుండా ఉల్లిపాయల మీద పెడితే చిమ్మదు.

పేస్టు ఫ్రిజ్‌లో పెట్టాక ఆకుపచ్చగానో నీలంగానో మారితే పారేయక్కర్లేదు. వెల్లుల్లిలో సహజంగా ఉండే పదార్థాలు ఒకదానితో ఒకటి కలిసి అలా రంగు మారతాయి, తినొచ్చు. పుల్లటి దుర్వాసన, పైన బూజు ఉంటే మాత్రం చెత్తబుట్టలోకే.